రెండో విరాళం

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. మీ స్వచ్ఛంద సంస్థకు కొత్త దాతలను ఎక్కడ వెతకాలని అడిగావు. ముందు నాకొక లెక్క చెప్పు. కిందటేడు ఇచ్చినవాళ్లలో ఎంతమంది ఈ ఏడు మళ్లీ ఇచ్చారు? తెలియకపోతే ఈ వారమే రిజిస్టర్ తీసి చూడు.

మొదటిసారి ఇచ్చినవాళ్లలో చాలామంది రెండోసారి ఇవ్వరు. వాళ్లకు మనసు లేక కాదు, ఇచ్చిన డబ్బు ఏమైందో ఎవరూ చెప్పక. విరాళం అందిన రెండు రోజుల్లో రసీదు, దాంతోపాటు నీ చేత్తో రాసిన నాలుగు మాటలు వెళ్లాలి. వీలైతే ఫోన్ చెయ్యి, కానీ ఆ ఫోన్‌లో ఇంకేమీ అడగొద్దు. కొన్నాళ్లకు, ఆ డబ్బుతో ఏం జరిగిందో రాయి. అనుకున్నట్టు జరగకపోతే అదీ రాయి. మళ్లీ అడగడం ఆ తర్వాతే.

చిన్న మొత్తాలని తేలిగ్గా చూడకు. 1885లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి పీఠం కట్టడానికి డబ్బు చాల్లేదు. న్యూయార్క్‌లో పత్రిక నడిపే జోసెఫ్ పులిట్జర్, ఎంత తక్కువ ఇచ్చినా పేరు అచ్చువేస్తానన్నాడు. అయిదు నెలల్లో లక్ష డాలర్లు దాటాయి. ఇచ్చినవాళ్లు లక్షమందికి పైనే, ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే.

మా సంస్థకు ఒకప్పుడు సగానికి పైగా డబ్బు ఒక్క దాత నుంచే వచ్చేది. నిశ్చింతగా ఉండేవాళ్లం. ఒక ఏడు, ఇకపై ఇవ్వలేమని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. మంచి కార్యకర్తలు ఇద్దరిని పంపించేయాల్సి వచ్చింది. వాళ్ల ముఖాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చేవాళ్లను కూడగట్టడం ఆ తర్వాతే మొదలుపెట్టాం. నాలుగేళ్లు పట్టింది. కానీ జీతాల తేదీ దగ్గరపడితే టెన్షన్ లేకుండా పోయింది. నువ్వు అంతదాకా ఆగకు, ఇప్పుడే మొదలుపెట్టు.

అడగాలంటే మొహమాటంగా ఉందన్నావు. ఎవరిని, ఎంత, దేనికి అనేది ముందే తేల్చుకుని వెళ్లు, సగం మొహమాటం పోతుంది. "మీకు తోచింది ఇవ్వండి" అనకు, ఎంతివ్వాలో తెలియక వాళ్లే ఇబ్బంది పడతారు. ఎంత కావాలో చెప్పి ఊరుకో, వాళ్లను ఆలోచించుకోనివ్వు. కాదంటే కోపం తెచ్చుకోకు, వచ్చే ఏడు వాళ్లే ఇవ్వొచ్చు. అన్నట్టు, బయటివాళ్లకంటే ముందు నీ కమిటీ సభ్యులు ఇవ్వాలి, ఎంతైనా సరే. "మీరెంత ఇచ్చారు?" అని దాత అడిగితే వాళ్ల దగ్గర జవాబుండాలి.

అద్దె, జీతాల ఖర్చు దాచొద్దు. మనుషులు లేకుండా పని జరగదని నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటారు. ఒక పనికని ఇచ్చిన డబ్బును మాత్రం మరో పనికి వాడొద్దు, నెలలోపు తిరిగి పెట్టేస్తామనుకున్నా సరే. తప్పదంటే దాతను అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే కదిలించు.

పాత దాతల పట్టిక తయారయ్యాక నాకు పంపు. మొదటి పది ఫోన్లు ఎవరికి చేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ