ఊరికే రాసి పెడితే మా పాపకు ఏమొస్తుంది?

ప్రశ్న: మాది గుంతకల్లు. నేను రైల్వేలో చిన్న ఉద్యోగిని. మా పాప అనంతపురంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ మ్యాథమెటిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. అయితే ఏడాదిగా, ఇంటికొచ్చినా సరే, రాత్రి పన్నెండు దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటుంది. వికీపీడియాలో లెక్కల వ్యాసాలు తెలుగులో రాస్తుంది. తన నోట్సు కూడా టైపు చేసి, ఎవరైనా వాడుకోవచ్చని నెట్‌లో పెడుతుంది. పైసా రాదు. మొన్న ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ళు ఆ నోట్సునే ప్రింటు వేసి అమ్ముతున్నారని తెలిసి నాకు కడుపు మండింది. పిల్ల మాత్రం ‘పోనీలే నాన్నా’ అంటుంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే మొహం తిప్పుకుంటుంది. ఈ రాతలకు భవిష్యత్తు ఉందా?

– ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: అన్నా, ముందు మీరు భయపడుతున్న మాటే చెప్పేస్తా. ఈ రాతలు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కర్నూలులో ఇన్నేళ్ళుగా పిల్లలకు సలహాలు చెప్తున్నాను, వికీపీడియా చూసి ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ నాకు తగల్లేదు. అయినా మాన్పించొద్దనే అంటాను. ఈ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది, దానికి కారణం ఉంది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో సీనియర్ల జిరాక్స్ నోట్సు ఒకటి చేతులు మారుతూ మా దాకా వచ్చింది. అందులో ‘ప్రతి పరిబద్ధ అనుక్రమమూ అభిసరిస్తుంది’ అని ఉండేది, అంటే హద్దు దాటని సంఖ్యల వరుస ఏదైనా చివరికి ఒక విలువ దగ్గర కుదురుకుంటుందని. అసలు సిద్ధాంతంలో ‘ఏకదిష్ట’ అనే మాట కూడా ఉంది, అంటే విలువలు పెరుగుతూనైనా పోవాలి, తగ్గుతూనైనా పోవాలి. ఎవరు కాపీ చేసేటప్పుడో ఆ ఒక్క మాట జారిపోయింది. 1, −1, 1, −1 అని రాసుకుంటూ పోండి. హద్దు దాటదు, ఒకచోట కుదురుకోదు కూడా. ఇంత సులువుగా పట్టుబడే తప్పును మా క్లాసులో సగం మంది బట్టీపట్టి పరీక్షలో రాశాం. గమనించిన ఒకరిద్దరు తమ కాపీలో దిద్దుకున్నారు. మరుసటి ఏడాది జూనియర్లకు మళ్ళీ పాత జిరాక్సే వెళ్ళింది. దిద్దినది అందరికీ చేరే దారి అప్పుడు లేదు.

మీ పాప కూర్చున్న చోట ఆ దారి ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. అందులో ఎవరు, ఏ రోజు, ఏ వాక్యం మార్చారో ‘చరిత్ర’ అనే పేజీలో మొత్తం ఉంటుంది. తప్పు రాస్తే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి ‘దీనికి ఆధారం ఏది?’ అని అడుగుతాడు. పుస్తకం పేరు, పేజీ నంబరు చూపించాలి, లేదా వెనక్కి తీసుకోవాలి. పంతొమ్మిదేళ్ళ పిల్లకు ఈ అలవాటు మన కాలేజీల్లో ఎవరు నేర్పుతున్నారు చెప్పండి? మన సీమకు ఇది మరీ కొత్త కూడా కాదు. కడపలో బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, వేమన పద్యాల తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి దిద్దించాడు. ఇక్కడ జీతం ఇచ్చే దొర లేడు, అంతే తేడా.

ఇక మీ కడుపుమంట సంగతి. ఇలా పంచుకునే రాతలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులని ఉంటాయి. వికీపీడియా వాడే రకంలో ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రెండు షరతులు మాత్రం ఉన్నాయి: రాసినవారి పేరు చెప్పాలి, తాము మార్చి ప్రచురించినదాన్ని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. ఆ ట్యూషన్ సెంటర్ పుస్తకం మీద మీ పాప పేరు లేకపోతే అది తప్పే, నిలదీసి అడగొచ్చు. పాప కూడా ఇదే రకం పెట్టి ఉంటే, పేరు వేసి అమ్మితే మాత్రం అనడానికేమీ లేదు. తన సొంత నోట్సును వ్యాపారానికి వాడకూడదనుకుంటే ‘నాన్ కమర్షియల్’ రకం ఎంచుకోవచ్చు, కానీ ముందే ఎంచుకోవాలి. ఒకసారి వదిలేసిన లైసెన్సును, దాని కింద తీసుకున్నవాళ్ళ దగ్గర నుంచి వెనక్కి లాక్కోలేం. ఆ నాన్ కమర్షియల్ రాతను వికీపీడియా తీసుకోదు, అదీ గుర్తుంచుకోవాలి. పాప ఏ లైసెన్సు పెట్టిందో అడిగి చూడండి. చాలామంది పిల్లలు చదవకుండానే బటన్ నొక్కేస్తారు.

అమ్ముకోనిచ్చేంత ఉదారం ఎందుకని మీకనిపిస్తుంది. 2000లో జరిగిన ఒక గొడవ చెప్తా. మ్యాథ్‌వరల్డ్ అని లెక్కల విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. ఎరిక్ వైస్‌స్టైన్ అనే ఆయన ఏళ్ళ తరబడి పోగుచేసి నెట్‌లో ఉచితంగా పెట్టాడు. అదే సరుకును పుస్తకంగా వేసిన ప్రచురణ సంస్థ హక్కులు మావేనని కోర్టుకెక్కింది. ఏడాదికి పైగా సైటు మూతపడింది. రోజూ దాని మీదే ఆధారపడ్డ విద్యార్థులు గాలిలో నిలబడ్డారు. ఆ ఖాళీలోనే కొందరు ప్లానెట్‌మ్యాథ్ అని, ఎవరికి వారు రాసి, ఎవరూ మూసెయ్యలేని లైసెన్సు కింద పెట్టే సర్వస్వాన్ని మొదలుపెట్టారు. మీ పాప ‘పోనీలే’ అనడం వెనక ఇదంతా తెలిసి ఉందో లేదో కానీ, ఆ మాటలో అమాయకత్వం ఒక్కటే ఉందనుకోకండి.

పాపకు రెండు జాగ్రత్తలు చెప్పండి. ఒకటి, తెలుగు అకాడమీ పుస్తకంలో పేరాలు, గైడ్లలో లెక్కలు ఉన్నవున్నట్టు ఎక్కించకూడదు. సిద్ధాంతం ఎవరి సొత్తూ కాదు, దాన్ని వివరించిన వాక్యాలు మాత్రం రాసినవాళ్ళవి. రెండు, తనే కొత్తగా ఏదైనా కనిపెడితే అది వికీపీడియాలో పెట్టేది కాదు. అక్కడ ఇదివరకే అచ్చయిన విషయాలే ఉండాలి.

కొత్తవాటికి వేరే చోట్లున్నాయి. నాకు బాగా నచ్చేది ఓఈఐఎస్. పూర్ణసంఖ్యల అనుక్రమాల నిఘంటువు అనుకోండి. నీల్ స్లోన్ 1964లో, తానింకా విద్యార్థిగా ఉన్నప్పుడు, కార్డుల మీద రాసుకోవడంతో మొదలైంది. ఇప్పుడు మూడున్నర లక్షలకు పైగా అనుక్రమాలున్నాయి. అసలు పేరుతో నమోదు చేసుకుని ఎవరైనా కొత్తది పంపొచ్చు, పాతదానికి ఒక సూత్రమో ప్రోగ్రామో కలపొచ్చు. ఎడిటర్లు చూసి, వాయించి, దిద్దించాకే తీసుకుంటారు. డిగ్రీ పిల్లల పని కూడా అందులో నిలబడుతుంది. ఐఐటీ బాంబే నడిపే ఫాసీ ప్రాజెక్టు ఇంకొకటి. పాఠ్యపుస్తకాల్లో సాధించి చూపిన లెక్కలకు సైల్యాబ్, పైథాన్ లాంటి కంప్యూటర్ భాషల్లో కోడ్ రాసి అందరికీ ఉచితంగా పెట్టే పని, దానికి పారితోషికం ఇస్తూ వచ్చారు. పైసా రాదన్న మీ బాధకు కొంత మందు. ఈ దారిలో లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు టైపు చేయడం ఎలాగూ వచ్చేస్తుంది, ఎమ్మెస్సీ ప్రాజెక్టు నాడు అది అక్కరకొస్తుంది.

ఒక్కదానికి మాత్రం అడ్డుపడండి. ‘ఇంత కట్టండి, వారంలో ఇంటర్నేషనల్ జర్నల్‌లో మీ పేపర్’ అని మెసేజ్‌లు వస్తాయి. మన జిల్లాల్లో పిల్లలు ఇంట్లో అడిగి మరీ కట్టేస్తున్నారు. దిద్దేవాడు లేని చోట అచ్చయిన పేపర్ కంటే, దిద్దించుకున్న ఒక చిన్న వికీ వ్యాసం నాకు ఎక్కువ.

ఇక అసలు కెరీర్. లెక్కలంటే ఇంత ఇష్టమున్న పిల్ల ముందు ఎమ్మెస్సీకి వెళ్ళాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఫిబ్రవరిలో పరీక్ష, మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసుకుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ పీజీ, మన ఎస్కేయూ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్. లెక్కల విద్యార్థులకు వేసవిలో జరిగే ఎంటీటీఎస్ శిక్షణకు కూడా అప్లై చేయమనండి. 1993 నుంచి నడుస్తోంది. సూత్రం అప్పగించమనరు, ‘ఎందుకు’ అని అడుగుతారు. వికీలో ‘ఆధారం ఏది’ అన్న ప్రశ్నకు అలవాటుపడ్డ పిల్లకు అక్కడ బెదురుండదు. ఈ రాతలు పనికొచ్చేది ఇలాంటి చోటే. దరఖాస్తులో ‘గణితంలో మీరు చేసిన పని ఏది’ అన్నప్పుడు చూపించడానికి లింకు ఉంటుంది, ఇంటర్వ్యూలో తడుముకోకుండా మాట్లాడటానికి విషయం ఉంటుంది.

డీఎస్సీ మీద మీ ఆశ తప్పేం కాదు. ఎమ్మెస్సీ చేస్తే ఆ తలుపు మూసుకోదు. తర్వాత బీఈడీ చేస్తే పీజీటీ (పదకొండు, పన్నెండు తరగతులకు చెప్పే టీచర్) పోస్టులకూ అర్హత వస్తుంది, జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ పడితే అదీ ఉంది. పాఠ్యాంశాలు తయారుచేసే సంస్థల్లో, సాంకేతిక అనువాదంలో కూడా పని దొరుకుతుంది. అక్కడ అవధి, అవిచ్ఛిన్నత, మాత్రిక అన్న తెలుగు మాటలూ వాటి ఇంగ్లీషు మాటలూ రెండూ తెలిసి, అర్థమయ్యేలా రాయగలిగినవాళ్ళు తక్కువే. అయితే జీతాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాంట్రాక్టు పనులే ఎక్కువ. దాన్ని మొదటి ఆశగా పెట్టుకోవద్దు.

రాత్రి పన్నెండు మాత్రం నాకూ నచ్చలేదు. వారానికి ఐదు గంటలు, వీలైతే ఆదివారం, సెమిస్టర్ పరీక్షల నెలలో పూర్తిగా సెలవు. ఈ లెక్క పాపతోనే ఒప్పించండి, ల్యాప్‌టాప్ లాక్కుని కాదు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చుని ఆ చరిత్ర పేజీ చూపించమనండి. మీకు లెక్కలు అర్థం కానక్కర్లేదు, ఎన్నిసార్లు దిద్దించుకుందో కనిపిస్తుంది.

ఇంకో పని మీదే. మీరు ఓబీసీ గానీ ఈడబ్ల్యూఎస్ గానీ అయితే, జామ్‌కు సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఏడాది తీసుకున్నదే కావాలి. రాష్ట్ర నమూనాలోది చెల్లదు. పాప ఫైనలియర్‌లోకి రాగానే తహసీల్దారు ఆఫీసులో అప్లికేషన్ పెట్టేయండి, సెప్టెంబరు దాకా ఆగితే అక్కడి క్యూ సంగతి మీకు తెలిసిందే.