స్నోమొబైల్ స్టార్ట్ చేసే ముందు ఏం చూడాలి: థ్రాటిల్‌తో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: మినియాపోలిస్‌లో ఉంటూ ఒక పాత టూ-స్ట్రోక్ స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనక రబ్బరు పట్టీలాంటి ట్రాక్‌తో మంచు మీద నడిచే బండి) కొన్నారు, వీకెండ్‌కి ఉత్తర మిన్నెసోటా ట్రైల్స్ మీదికి తీసుకెళ్తున్నారు. అమ్మినాయన "నిన్న కూడా నడిపాను, ఏ ప్రాబ్లమూ లేదు" అన్నారు. పెట్రోల్, ఆయిల్ పోసుకుని బయల్దేరితే చాలా?

చాలదండి. నిన్న బాగా నడిచిందన్న మాట ఈ బండి విషయంలో ఇవాళ్టికి పనికిరాదు. నడుస్తున్నంతసేపూ ఇంజిన్ వేడికి, చేతుల వేడికి హుడ్ కిందా హ్యాండిల్ దగ్గరా పడ్డ మంచు కరుగుతుంది. బండి ఆపగానే ఆ నీళ్లు ఎక్కడికి చేరాయో అక్కడే గడ్డకడతాయి. థ్రాటిల్ (యాక్సిలరేటర్) కేబుల్‌లోకి చేరితే కేబుల్ బిగుసుకుంటుంది, ట్రాక్ మధ్యలోకి చేరితే ట్రాక్ కదలదు. అందుకే పొద్దున ఒకసారి చూసేసి రోజంతా ధీమాగా ఉండకూడదు. మధ్యాహ్నం భోజనానికి గంటసేపు ఆపినా, మళ్లీ ఎక్కే ముందు థ్రాటిల్, బ్రేక్ చూడాల్సిందే.

ఇంజిన్ ఆపి ఉండగానే కుడిచేతి బొటనవేలి కింద ఉండే థ్రాటిల్ లివర్‌ని పూర్తిగా నొక్కి వదలండి. అలా నాలుగైదు సార్లు చేయండి, హ్యాండిల్‌ని కుడి చివరికి, ఎడమ చివరికి తిప్పి కూడా చేయండి. వదిలిన ప్రతిసారీ లివర్ తనంతట తానే టక్కున వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, మధ్యలో ఆగినా, హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే పట్టేసినా స్టార్టర్ తాడు ముట్టుకోవద్దు. ముందు లివర్ చుట్టూ ఉన్న మంచు తీసేయండి. అప్పటికీ కుదరకపోతే బండిని వెచ్చని గ్యారేజీలో పెట్టి కేబుల్ ఆరనివ్వండి. వేడినీళ్లు మాత్రం పోయకండి, పది నిమిషాల్లో అవి కూడా గడ్డకడతాయి. పాత కార్బురేటర్ బండ్లలో చాలావాటికి, కేబుల్ పట్టేసినప్పుడు ఇంజిన్‌ని ఆపేసే ఒక సేఫ్టీ స్విచ్ లివర్ దగ్గరే ఉంటుంది. అది పాడైతే మార్చకుండా వైర్లు కలిపేసి వదిలేస్తుంటారు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మీరు ముందుగా వెతకాల్సింది ఆ కలిపిన వైర్లనే.

ఇండియాలో బైక్ నడిపినవాళ్లకి ఇంకో చిక్కుంది. మనకి భయమేస్తే హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకునే అలవాటు. ఇక్కడ అలా పట్టుకుంటే బొటనవేలు కూడా లివర్‌ని నొక్కేస్తుంది, బండి ఇంకా ముందుకు దూకుతుంది. మొదటి రోజు ఖాళీ స్థలంలో మెల్లగా నడుపుతూ, బొటనవేలు తీసేసి బ్రేక్ పట్టడం చేతికి అలవాటు చేసుకోండి.

బ్రేక్ ఎడమ చేతికి ఉంటుంది. నొక్కి పట్టుకుంటే లివర్ గ్రిప్‌కి బాగా ముందే గట్టిగా ఆగాలి. మెత్తగా దిగిపోతుంటే లైన్‌లో గాలి చేరి ఉంటుంది, లేదా ఫ్లూయిడ్ తగ్గి ఉంటుంది. మూత మీద ఏ గ్రేడ్ రాసి ఉందో, సాధారణంగా డాట్ 4, అదే పోయండి. పార్కింగ్ బ్రేక్ వదిలారో లేదో తప్పకుండా చూడండి. అది పట్టి ఉండగానే నడిపితే డిస్క్ కాలిపోయేంత వేడెక్కి ఫ్లూయిడ్ మరుగుతుంది. అప్పుడు సరిగ్గా అవసరమైన చోట లివర్ గ్రిప్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు.

ఇప్పుడు స్టార్ట్ చేయొచ్చు, కానీ ఆరుబయట మాత్రమే. మూసిన గ్యారేజీలో వార్మప్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ నొక్కండి, ఆగాలి. మళ్లీ స్టార్ట్ చేసి ఈసారి టెథర్ తాడు (మీరు పడిపోతే ఊడి ఇంజిన్‌ని ఆపే తాడు) లాగండి, అప్పుడూ ఆగాలి. ఒకటి పనిచేస్తే రెండోదీ పనిచేస్తుందని అనుకోవద్దు, వాటి వైరింగ్ వేరు. టెథర్ రెండో కొస మీ జాకెట్‌కే తగిలించాలి. హ్యాండిల్‌కి చుట్టేస్తే మీరు కింద పడ్డాక బండి ఒంటరిగా ముందుకెళ్తుంది. కొన్ని మోడళ్లకి టెథర్ కంపెనీ నుంచే రాదు. మీ బండికి లేకపోతే పెట్టించుకోండి, ఖర్చు దగ్గర ఆలోచించాల్సిన విషయం కాదిది.

రాత్రంతా బయట నిలిచిన బండికి ట్రాక్ నేలకి అంటుకుపోయి ఉంటుంది. థ్రాటిల్ ఇచ్చి లాగించాలని చూస్తే ట్రాక్ కదలదు, ఇంజిన్ శక్తిని ట్రాక్‌కి చేర్చే డ్రైవ్ బెల్ట్ ఒకేచోట రాసుకుని కాలుతుంది. వెనక బంపర్ పట్టుకుని పైకెత్తి వదలండి, స్కీలని పక్కలకి కదిపి ఊడదీయండి. స్టాండ్ మీద ఎత్తి ట్రాక్‌ని తిప్పేటప్పుడు ఐడిల్ కన్నా కొంచెమే ఎక్కువ ఇవ్వండి, బండి వెనక ఎవరూ నిలబడకూడదు. ఐస్ ముక్కలు, ఊడిన స్టడ్‌లు (పట్టు కోసం ట్రాక్‌కి బిగించే లోహపు మేకులు) బుల్లెట్‌లా వస్తాయి. ట్రాక్ టెన్షన్ ఎంత ఉండాలో మోడల్‌ని బట్టి మారుతుంది. ట్రాక్ మధ్యలో మాన్యువల్ చెప్పినంత బరువు వేలాడదీసి, స్లైడర్‌కీ (ట్రాక్ రాసుకుంటూ జారే ప్లాస్టిక్ పట్టీ) ట్రాక్‌కీ మధ్య సందు కొలవాలి. వదులైతే బ్రేక్ వేసినప్పుడు ట్రాక్ పళ్లు తప్పి కటకటమంటుంది. మరీ బిగిస్తే స్లైడర్లు త్వరగా అరుగుతాయి.

డ్రైవ్ బెల్ట్ చూడటానికి ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. యాక్టివాలో ఉండే సీవీటీ (గేర్లు లేకుండా బెల్ట్‌తో నడిచే ఏర్పాటు) లాంటిదే ఇదీ, కాకపోతే పెద్దది. పళ్ల మధ్య పగుళ్లు, అంచుల్లో దారాలు, ఒకచోట సన్నబడిన మచ్చ, ఇవేవి కనిపించినా మార్చాల్సిందే. కొత్త బెల్ట్ వెడల్పు కన్నా దాదాపు ఎనిమిదో వంతు అంగుళం అరిగినా అంతే. తెగిన బెల్ట్ ముక్కలు ఎంత వేగంగా ఎగురుతాయంటే, క్లచ్ గార్డ్ (క్లచ్, బెల్ట్ మీద ఉండే రక్షణ కవరు) లేకుండా ఇంజిన్ ఎప్పుడూ నడపకూడదు. స్పేర్ బెల్ట్ లేకుండా ట్రైల్ ఎక్కొద్దు.

స్కీల ముందు కొసలు పట్టుకుని ఊపండి, లూజు తెలిసిపోతుంది. స్కీల కింద ఐస్‌ని పట్టుకునే గట్టి లోహపు అంచు, అంటే కార్బైడ్, సగానికి పైగా అరిగితే గట్టి ఐస్ మీద హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. టూ-స్ట్రోక్ ఆయిల్ పెట్రోల్ పోసిన ప్రతిసారీ చూడండి, అది అయిపోతే ఇంజిన్ పట్టేస్తుంది. బ్రేక్ లైట్ వెలుగుతోందో లేదో ఒకరిని వెనక నిలబెట్టి అడగండి, అదీ ఇంజిన్ ఐడిల్‌లో, ట్రాక్ ఆగి ఉన్నప్పుడే. దారిలో మంచు పొడి వెనక లైట్‌ని కప్పేస్తుంటుంది, ఆగినప్పుడల్లా తుడవండి. పొడి మంచు లేని గట్టి ఐస్ మీద లిక్విడ్ కూల్డ్ బండ్లు వేడెక్కుతాయి, ఎందుకంటే కూలెంట్‌ని చల్లార్చేది ట్రాక్ ఎగరేసే మంచే. స్లైడర్లకీ ఆ మంచే గ్రీజు. ఐస్‌ని గీకి ట్రాక్ మీదికి పొడి ఎగరేసే ఐస్ స్క్రాచర్లు ఉంటే కిందికి దించండి.

మఫ్లర్, చున్నీ వేలాడేలా వేసుకోవద్దు. వెనక కూర్చునేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త.

చెరువు దాటాల్సి వస్తే బండి ఎంత బాగున్నా ఐస్‌ని వేరుగా చూడాలి. స్నోమొబైల్‌కి కనీసం 5 నుంచి 7 అంగుళాల కొత్త, పారదర్శకమైన ఐస్ కావాలని మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెబుతుంది. తెల్లటి ఐస్ అయితే దానికి రెట్టింపు మందం ఉండాలి. ఒకచోట డ్రిల్ చేసి చూసి నిర్ధారించుకోవద్దు. ప్రవాహం ఉన్నచోట, వాగు కలిసేచోట, వంతెనల కింద మందం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఐస్ పిక్‌లు (నీళ్లలో పడితే ఐస్‌లోకి గుచ్చి పైకి రావడానికి పనికొచ్చే మొనలు) మెడలో వేలాడాలి. బ్యాగులో ఉంటే నీళ్లలో పడ్డాక చేతికి అందవు.

ఇంకొకటి, మీరు 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవారైతే మిన్నెసోటాలో నడపడానికి స్నోమొబైల్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ట్రైలర్ బుక్ చేసే ముందే ఆ కోర్స్ పూర్తి చేయండి.