ఎనోషిమానా, షిమోదానా?

తమ్ముడూ, టోక్యో నుంచి ఐదుగురు స్నేహితులు, ఆగస్టు చివరి శని ఆదివారాలు, అందులో ఒకరు శాకాహారి, సముద్రస్నానానికి ఎనోషిమా తీరానికా, షిమోదా అనే సముద్రతీర పట్టణానికా, ఎటు వెళ్లాలని కదా అడిగావు. రెండు రోజులున్నాయి కాబట్టి కళ్లు మూసుకుని షిమోదాకే వెళ్లండి. ఎనోషిమా దగ్గరే, టోక్యోలోని షిన్‌జుకు స్టేషన్ నుంచి రైల్లో గంటకు కాస్త ఎక్కువ. కానీ ఇసుక నల్లగా ఉంటుంది, వేసవిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఒక్క రోజే ఉంటే అది సరే.

షిమోదాలో షిరహమా బీచ్ చూడండి. పేరుకే కాదు, నిజంగానే తెల్లటి ఇసుక. టోక్యో స్టేషన్‌లో ఒదొరికొ రైలెక్కితే మూడు గంటల లోపే షిమోదా, అక్కడి నుంచి బస్సు. ఆ రైల్లో అన్నీ రిజర్వుడు సీట్లే, ముందే తీసుకోండి.

తేదీ మాత్రం మార్చుకోమని గట్టిగా చెబుతున్నా. ఆగస్టు మధ్యలో ఒబొన్ పండగ దాటాక జెల్లీఫిష్‌లు ఎక్కువవుతాయి, కుడితే ఒళ్లంతా మంట. జులై చివరి వారం మేలు. ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఈదండి, లైఫ్‌గార్డులు చూసేది అక్కడే.

శాకాహారికి అక్కడ కష్టమే. కూరగాయలే కనిపించే ఉదోన్ (లావు నూడుల్స్), మిసో సూపుల్లో కూడా మామూలుగా చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. శనివారం పొద్దున పులిహోర కలిపి డబ్బాలో పెట్టండి, మధ్యాహ్నానికి దిగులుండదు. రాత్రి భోజనం గురించి బస బుక్ చేసేటప్పుడే చెప్పండి, అక్కడికెళ్లాక చెబితే వాళ్లకు మార్చడం కుదరదు.