పాత బండి ముచ్చట్లు: ముందు బ్రేకులు, ఆఖర్న రంగు

ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్ ఆటోమొబైల్ ల్యాబ్‌లో పిల్లల చేత ఇంజిన్లు విప్పించి బిగించిన వాణ్ని. రిటైరయ్యాక మా నాన్నగారి 1976 ప్రీమియర్ పద్మిని కారును మల్కాజిగిరిలో మా ఇంటి ముందే, పెన్షన్ డబ్బుల్లో మిగిలినదాంతో నాలుగేళ్లు పట్టి రోడ్డెక్కించాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులు ఇవి.

ప్రశ్న: సార్, మా తాతయ్య కారు 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. సైదాబాద్‌లో మా పాత ఇంటి వేపచెట్టు కింద పదకొండేళ్లుగా కదలకుండా ఉంది. మెకానిక్‌ని తెచ్చి చూపిస్తే అంతా కలిపి మూడున్నర లక్షలన్నాడు. నాకు ఇంటి ఖర్చులు పోను నెలకు ఐదు వేలు మిగలడమే గొప్ప. ఆదివారాల్లో నేనే మొత్తం విప్పేసి, తుప్పు గీకి, రంగు వేయించి, తర్వాత ఇంజిన్ సంగతి చూద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక పాఠకుడు, సైదాబాద్)

జవాబు: ముందు ఆ పానా కింద పెట్టండి బాబూ. మీరు రాసిన వరసలో ఆదివారం ఒక్కటే సరిగ్గా ఉంది, మిగతాదంతా తలకిందులు. నేనూ అదే తలకిందుల వరసలో చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను మొదట రంగు వేయించాను. లేత నీలం. కాలనీ అంతా వచ్చి చూసి వెళ్లింది. నెల తిరిగాక లోపల కార్పెట్ ఎత్తితే డ్రైవరు కాళ్ల దగ్గర మా వాకిలి గచ్చు కనిపించింది. వెల్డింగ్ చేయించక తప్పలేదు. ఆ వేడికి తలుపుల కింద పొడుగునా కొత్త రంగు బుడగలు లేచి ఊడిపోయింది. ఇరవై రెండు వేలు బూడిదలో పోశాను. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ (బాడీని మోసే కింది ఇనుప చట్రం) ఉండదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా ఉండే పట్టీలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. అందుకే తుప్పు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. మడ్‌గార్డు మీద ఉంటే అది అందానికి సంబంధించింది. తలుపుల కింది పట్టీలో, కమాన్ కట్టలు బిగించే చోట ఉంటే ప్రాణానికి సంబంధించింది. ఈ ఆదివారం కార్పెట్లన్నీ ఎత్తి, డిక్కీలో స్టెప్నీ తీసి, బ్యాటరీ కింద, అద్దం కింది మూలల్లో స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగబడిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రం చుట్టండి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. అంటుకోని చోట రంగు కింద ఉన్నది రేకు కాదు, లప్పం. తలుపు ఒకసారి తీసి వేసి చూసి, పక్కన జాకీ ఎత్తి మళ్లీ తీయండి. ఎత్తగానే తలుపు బిగుసుకుపోతే బండి నడుము వంగుతోందన్నమాట. అప్పుడు మాత్రం పెద్ద ఖర్చే.

ఇంకో మాట. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు దూరొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి అసలే దూరొద్దు. అవి పగిలే ముందు చప్పుడు కూడా చేయవు. పానాలు, సుత్తులు ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాతవి కొనుక్కోండి, బాగుంటాయి. జాకీ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే ఇనుప కాళ్లు) మాత్రం కొత్తవి కొనండి. మొదటి నెల ఐదు వేలు అక్కడికే పోనివ్వండి.

తర్వాత బ్రేకులు. ఇంజిన్ కాదు. ఇంజిన్ తిరిగి బండి కదిలిందంటే ఎవరికైనా వీధి చివరిదాకా పోవాలనిపిస్తుంది. ఆ కాలపు బండ్లలో బ్రేకు ఆయిల్ నాలుగు చక్రాలకూ ఒకే దారిలో పోతుంది. ఒక చక్రం దగ్గర రబ్బరు చిరిగినా పెడల్ నేలకు అంటుకుంటుంది, నాలుగు బ్రేకులూ పోతాయి. పదకొండేళ్లు నిలబడిన బండిలో ఆ రబ్బర్లు బాగుంటాయని అనుకోవద్దు. మాస్టర్ సిలిండర్‌కు, చక్రాల సిలిండర్లకు కిట్లు (లోపలి రబ్బర్ల సెట్లు), రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి వేయండి. లోపల గీతలు పడ్డ సిలిండర్‌కు కిట్ వేసి లాభం లేదు, సిలిండర్ మార్చాల్సిందే. బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలుండే బూడిదను నోటితోనో గాలి పైపుతోనో ఊదకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. ఇక టైర్లు. గీతలు ఎంత లోతుగా ఉన్నా పదకొండేళ్లనాటి టైరు పనికిరాదు. కొత్తవి కొనేటప్పుడు పక్కన అచ్చుపోసిన నాలుగంకెల సంఖ్య చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. షాపులో మూడేళ్లు పడున్న టైరును కొత్తదని అంటగట్టేవాళ్లూ ఉన్నారు.

ఇక ఇంజిన్. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, కంప్యూటర్ అన్న మాటే లేని బండి. ఇంట్లో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇంజిన్ దొరకదు. అలాగని తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. నా బండిలో ఎలుక గూడు ఉంది, గూట్లో మా ఇంటి కరెంటు బిల్లు ముక్క కూడా ఉంది. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల డీజిల్ పోసి నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గులు లేకుండానే టాప్ గేర్‌లో వేసి, బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. తిరిగిందా, సంతోషం. తిరగకపోతే ఇంకో వారం ఆగండి, బలం చూపించొద్దు. తిరిగాక పాత ఆయిల్ దించి కొత్తది పోసి, ప్లగ్గులు బిగించకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ పైకి ఎక్కనివ్వండి. ఆ తర్వాతే పాయింట్ (ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా తెరుచుకుని మూసుకునే స్విచ్చు) శుభ్రం చేసి, సుమారు 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టి, నిప్పురవ్వ వస్తుందో లేదో చూడండి. కార్బొరేటర్ జెట్లలో ఇనుప తీగ దూర్చకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మైలేజి గోవిందా.

బోరు, క్రాంక్ లాంటి లేత్ పని ఇంట్లో అయ్యేది కాదు. బాలానగర్ వైపు మంచి చేతులున్నాయి. నేల రేకు వెల్డింగ్ కూడా తెలిసినవాడి చేతే చేయించండి. పెట్రోలు ట్యాంకు దించకుండా, బ్యాటరీ తీయకుండా, పక్కన బకెట్ నీళ్లు లేకుండా వెల్డింగ్ మంట వెలిగించనివ్వద్దు. విప్పడం, గీకడం, కడగడం, ఫొటో తీసుకోవడం, చీటీ కట్టడం, మళ్లీ బిగించడం మీ పని. మెకానిక్ చెప్పిన మూడున్నర లక్షల్లో కూలి వాటా ఎంతో విడిగా రాసిమ్మనండి. మీ ఆదివారాలు తగ్గించగలిగింది అదే.

మొత్తం ఒకేసారి విప్పొద్దు. ఒక చక్రం విప్పితే అది బిగించాకే రెండోది. ఒక పక్క విప్పకుండా ఉంటే దాన్ని చూసి రెండో పక్క బిగించుకోవచ్చు. ఏ పుస్తకంలోనూ అంత మంచి బొమ్మ ఉండదు.

ప్రశ్న: నాది 1982 అంబాసిడర్. 15 ఏళ్లు దాటిన కార్లన్నీ స్క్రాపుకే అంటున్నారు. 50 ఏళ్లు నిండేదాకా దాచి వింటేజ్ నంబరు తీసుకుంటే ఏ గొడవా ఉండదని మా ఫ్రెండ్ సలహా. నిజమేనా? (ఒక పాఠకుడు, బోడుప్పల్)

జవాబు: ఢిల్లీ వార్తలు చూసి మనవాళ్లు టెన్షన్ పడుతున్నారు. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత బండిని ఆర్టీఓకు చూపించి ఫిట్‌గా ఉందనిపించుకుంటే ఐదేసి ఏళ్ల చొప్పున రెన్యువల్ చేస్తారు. దానికి ఫారం 25. ఫీజు మాత్రం మండిపోతోంది. 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు.

వింటేజ్ విషయంలో మీ ఫ్రెండ్ సగమే చెప్పాడు. 2021లో వచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరిస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. ఆఫీసుకు, కూరగాయలకు కుదరదు. అంబాసిడర్‌లో పిల్లల్ని స్కూల్లో దింపాలని ఉంటే మామూలు రెన్యువలే మీ దారి.

సైదాబాద్ బాబుకు కూడా ఇక్కడే చెబుతున్నాను. ఆర్‌సీ తాతయ్య పేరు మీదే ఉండి, ఆయన కాలం చేసి ఉంటే, ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. మిగతా వారసుల సంతకాలు కావాలి కాబట్టి బాబాయిలతో, అత్తయ్యలతో ఇప్పుడే మాట్లాడండి. బండి మెరవడం మొదలయ్యాక అందరికీ తాతయ్య గుర్తొస్తాడు.

ప్రశ్న: మా వారు రెండేళ్ల కింద స్టాండర్డ్ హెరాల్డ్ అని పాత కారొకటి తెచ్చారు. మూడు వారాల్లో ముక్కలు ముక్కలుగా విప్పేశారు. అప్పట్నుంచి పోర్టికోలో ఛాసిస్, హాల్లో డోర్లు, నా ఆవకాయ జాడీల్లో బోల్టులు. అమ్మేయమంటే కోపం. మీరైనా చెప్పండి. (ఒక పాఠకురాలు, కొత్తపేట)

జవాబు: అమ్మా, తప్పు పూర్తిగా ఆయనది కాదు. మద్రాసులో తయారైన ఆ హెరాల్డ్‌కు ఛాసిస్ విడిగా ఉంటుంది, బాడీ బోల్టులతో ముక్కలుగా ఊడి వస్తుంది. అంత తేలిగ్గా ఊడే బండిని చూస్తే ఏ మగాడి చెయ్యీ ఊరుకోదు. కానీ రెండేళ్లు కదల్లేదంటే ఏ బోల్టు ఎక్కడిదో ఆయనకూ గుర్తుండదు, అది ఒప్పుకోలేకే ఆ కోపం. వచ్చే నెలాఖరులోగా ఛాసిస్‌ను నాలుగు చక్రాల మీద నిలబెట్టి, బ్రేకు, స్టీరింగ్ బిగించమనండి. అంతే అడగండి, ఎక్కువ అడగొద్దు. అది చేయగలిగితే ఇంకో ఏడాది ఇవ్వండి. చేయలేకపోతే అన్ని ముక్కలూ దగ్గరున్నప్పుడే అమ్మించండి. ఒక్క డోరు పోయినా కొనేవాడు బండి ధర కట్టడు, తూకం ధర కడతాడు. జాడీలు మాత్రం తిరిగి పచ్చడికి వాడకండి.

ప్రశ్న: ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత కారులో పోయొచ్చా? (ఒక పాఠకుడు, అల్వాల్)

జవాబు: వేరేది దొరకనప్పుడు పోయక ఏం చేస్తాం? 20 శాతం ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని, పెట్రోలు పంపు డయాఫ్రంని (లోపలి పల్చటి పొరని) మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు అడిగి వేయించండి. పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూడండి. నెలల తరబడి నిలబెట్టే బండిలో పెట్రోలు నిల్వ ఉంచొద్దు. ట్యాంకులో తుప్పుంటే దించి, గుప్పెడు నట్లు వేసి గిలకొట్టి కడగాలి. ఎంత కడిగినా లోపల ఆవిరి ఉంటుంది, దానికి ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు.

ప్రశ్న: కంప్రెసర్ అద్దెకు తెచ్చి ఇంట్లోనే రంగు కొట్టుకోవచ్చా? (ఒక పాఠకుడు, చింతల్)

జవాబు: ప్రైమర్ వరకు కొట్టుకోండి. హార్డెనర్ (రంగును గట్టిపరిచే మందు) కలిపే రంగుల్లో ఐసోసయనేట్లనే ఊపిరికి చెడుపు చేసే రసాయనాలుంటాయి, ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే ఆగవు. హార్డెనర్ లేకుండా ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు కొంత నయం, అయినా సరైన మాస్కు ఉండాల్సిందే. వానాకాలంలో వద్దు, గాల్లో తేమకు రంగు తెల్లగా మసకబారుతుంది. పక్కింటివాళ్ల తీగ మీద బట్టలున్నాయేమో చూసుకోండి. మా పక్కింటావిడ పట్టుచీర మీద లేత నీలం చుక్కలు పడి, దాని ఖరీదు కూడా నా బండి లెక్కలోకే వచ్చింది.

ప్రశ్న: పద్మిని ముందద్దం చుట్టూ వచ్చే రబ్బరు బీడింగ్ ఎక్కడా దొరకడం లేదు. (ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: పుత్లీబౌలి, రాణిగంజ్ రెండూ తిరిగారా? ఫోన్లో అడిగితే లేదనే అంటారు. పాత ముక్క చేత్తో పట్టుకుని, మధ్యాహ్నం రద్దీ మొదలవక ముందే వెళ్లండి. కౌంటర్లో కుర్రాణ్ని కాదు, వెనక కుర్చీలో కూర్చున్న పెద్దాయన్ని అడగండి. పద్మిని అనకుండా ‘ఫియట్’ అనండి, ఆయనకు ఆ పేరే తెలుసు.

అక్కడా లేకపోతే ముంబై. పద్మిని తయారైంది కుర్లాలోనే. అక్కడ టాక్సీగా రిజిస్టరైన ఆఖరి పద్మినికి 20 ఏళ్లు నిండి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. నా బండి డోర్ హ్యాండిళ్లు కుర్లా పాత సామాన్ల గల్లీలో దొరికాయి. బీడింగ్ మాత్రం పాతది కొనకండి, ఎండిపోయి ఉంటుంది. కొత్తది బిగించాక గొట్టంతో అద్దం మీద పది నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపల డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పొడిగా ఉంటేనే కార్పెట్ పరవండి.