చిన్న ఫ్రేమ్‌లో రెండు బాటిళ్లు పడతాయా?

ప్రశ్న: నేను అయిదడుగులు. ఈ మధ్యే ఎక్స్‌ఎస్ సైజు సైకిల్ కొన్నాను. 750 మి.లీ. బాటిల్ తీయబోతే పై గొట్టానికి తగిలి ఆగిపోతోంది, బలవంతంగా లాగితే పెయింట్ గీసుకుపోతోంది. ఆదివారాలు హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్క, సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్‌కి వెళ్తాను. ఆ 23 కిలోమీటర్లూ చుట్టి రావాలంటే ఎండాకాలంలో ఒక్క బాటిల్ ఏ మూలకీ రాదు. ఇంత చిన్న ఫ్రేమ్‌లో రెండు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చండీ, కాకపోతే ముందు కేజ్, అంటే ఫ్రేమ్‌కి బిగించి బాటిల్ పెట్టుకునే స్టాండ్, మార్చాలి. మామూలు కేజ్‌లోంచి బాటిల్ తిన్నగా పైకి జారి రావాలి, మీ ఫ్రేమ్‌లో దానికి చోటు లేదు. షాపులో 'సైడ్ లోడ్' కేజ్ అని అడగండి. ఒక పక్క తెరిచి ఉంటుంది, బాటిల్‌ని అటు వాల్చి లాగేయడమే. డబ్బా మీద లెఫ్ట్, రైట్ అని ఉన్నా ఆ మాటలు పట్టుకుంటే తికమకే, మీరు ఏ చేత్తో తాగుతారో ఆ పక్కకి తెరుచుకునేది తీసుకోండి. రెండు కేజ్‌లూ ఒకే పక్కకి ఉంటే తొక్కుతూ తడుముకోనక్కర్లేదు.

ఇక బాటిళ్లు. ముందు వైపు ఏటవాలు గొట్టానికి 750, సీటు కింది గొట్టానికి 500 లేదా 600 పెట్టుకోండి. రెండూ పెద్దవే కావాలని పట్టుబడితే కింద అడుగులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. కొనేముందు ఖాళీ బాటిళ్లు రెండూ వాటి చోట్లలో చేత్తో పట్టుకుని చూస్తే సంగతి అక్కడే తేలిపోతుంది. సైకిల్ బాటిల్ అడ్డంగా సుమారు 74 మి.మీ. ఉంటుంది, కేజ్‌లు ఆ కొలతకే చేస్తారు. ఇంట్లో ఉన్న స్టీల్ బాటిల్ సన్నగా ఉంటే మొదటి గుంతకే ఎగిరి రోడ్డు మీద పడుతుంది, వెనకొచ్చే బైక్‌వాడికి అది ప్రమాదం.

ఇంకా ఇరుకైతే బోల్టుని పైకీ కిందికీ జరుపుకునేలా పొడుగాటి రంధ్రాలున్న చిన్న పట్టీలు దొరుకుతాయి, కేజ్‌ని రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించొచ్చు. ఫ్రేమ్ మీద బోల్టు రంధ్రాల మధ్య దూరం దాదాపు అన్నిటికీ 64 మి.మీ.యే కాబట్టి ఆ టెన్షన్ వద్దు. సీటు గొట్టం మీద మాత్రం ముందు గేరు క్లాంప్ అడ్డొస్తుందేమో చూసుకోండి. కార్బన్ కేజ్‌కి డబ్బు తగలేయకండి. అల్యూమినియందైతే వదులైనప్పుడు చేత్తో కాస్త నొక్కి బిగువు చేసుకోవచ్చు, బాటిల్‌కి నల్లటి మరకలు అంటితే అంటనీయండి.

బిగించేటప్పుడు 4 మి.మీ. అలెన్ కీ చాలు, మరలకి కాస్త గ్రీజు రాయండి. నేనొకసారి అతిగా బిగిస్తే ఫ్రేమ్‌లోపలి నట్టు వదులై బోల్టుతో పాటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది, ఇక అది బిగుసుకోదు, ఊడీ రాదు. అది తీయించుకోవడానికి పెట్టిన ఖర్చుతో నాలుగు కేజ్‌లు వచ్చేవి. బిగించాక నిండు బాటిళ్లతో మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ మీంచి రెండు మూడుసార్లు పోనివ్వండి, ఊడిపడేదేదో ఇంటి ముందే పడుతుంది.