ముందు సెల్ఫ్ కొట్టకండి

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది ఉద్దానం, కవిటి దగ్గర. 2018లో తిత్లీ తుపానుకి షెడ్డు కూలి నాన్నగారి హెచ్‌ఎంటీ 2511 చిన్న ట్రాక్టరు మీద పడింది. అప్పటి నుంచి టార్పాలిన్ కప్పి కొబ్బరితోటలోనే ఉంచేశాం. నాన్నగారు పోయి రెండేళ్లయింది. పాత ఇనుము వాళ్లు వచ్చి అడుగుతున్నారు, అమ్మకి ఇవ్వాలని లేదు. ఇంటి వెనుక రేకుల షెడ్డు ఉంది, నాకు స్పానర్ల పని, కొంచెం వెల్డింగ్ వచ్చు. కొత్త బ్యాటరీ పెట్టి, డీజిల్ పోసి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామని మా బావ అంటున్నాడు. కొట్టమంటారా? లేక ఇంకో ట్రాక్టరుతో లాగి స్టార్ట్ చేయాలా?

జవాబు: రెండూ వద్దు బాబూ. బ్యాటరీ కూడా ఇప్పుడే కొనకండి, దానితో పని చాలా తర్వాత. ఇన్నేళ్లు నిలబడి బతికున్న ఇంజన్లు మొదటి రోజు తొందరలో పోవడం నేను చాలాసార్లు చూశాను. మీ బండి సైలెన్సర్ గొట్టానికి మూత ఉందో లేదో ముందు చూడండి. మూత లేకపోతే వాన నీరు ఆ గొట్టంలోంచి దిగి, ఏ సిలిండర్ వాల్వు తెరిచి ఉంటే అందులోకి చేరుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నీరు లేకపోయినా తుప్పుకి పిస్టన్ రింగులు లైనర్‌కి, అంటే పిస్టన్ తిరిగే గొట్టానికి, అతుక్కుని ఉంటాయి, లాగి స్టార్ట్ చేస్తే ఆ బలానికి రింగులు విరుగుతాయి, లైనర్ గీసుకుపోతుంది. అప్పుడు నిజంగానే పాత ఇనుము అవుతుంది.

అమ్మవద్దన్న అమ్మగారి మాట నాకు నచ్చింది. 2511 మంచి బండి. చెకొస్లొవేకియా జెటార్ కంపెనీ డిజైన్, హెచ్‌ఎంటీ వాళ్లు 1971లో హర్యానాలోని పింజోర్‌లో మొదలుపెట్టారు. రెండు సిలిండర్లు, 25 హార్స్‌పవర్, చెట్ల మధ్య తిరగడానికి సరిపడే సైజు. ఫ్యాక్టరీ మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది కాబట్టి కంపెనీ స్పేర్ల మీద ఆశ పెట్టుకోకండి, కానీ బయటివాళ్లు చేసినవి పంజాబ్, హర్యానా మార్కెట్లలో దొరుకుతుంటాయి. ఏది కొన్నా పాత భాగం చేతిలో పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి.

ఇక పని. అడుగున సంప్ (ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్ బోల్టు పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేయండి. లోపల నీరుంటే ఆయిల్ కన్నా బరువు కాబట్టి ముందు నీరే వస్తుంది. ఎంత వచ్చిందో ఒక సీసాలో పట్టి ఉంచండి, రేపు మెకానిక్‌కి చూపించడానికి పనికొస్తుంది. తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ రెండూ ఇంజన్ నుంచి విప్పి తీయండి, ఆ రంధ్రాల్లోంచి డీజిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో చిన్న టీ గ్లాసుడు పోసి వదిలేయండి. రెండు రోజులు కావచ్చు, వారం కావచ్చు. ఈలోగా పైన రాకర్ కవర్ తీసి వాల్వులు పట్టేశాయేమో చూడండి, వాల్వు కదలకుండా ఇంజన్ తిప్పితే పుష్‌రాడ్డు వంగిపోతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నాజిల్స్ బయటే ఉంచి, ముందు పుల్లీ దగ్గర చేత్తో అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదపండి. కదలకపోతే మళ్లీ నూనె పోసి ఆగండి. స్పానర్‌కి పొడవు గొట్టం తొడిగి బలం చేశారో, ఇన్ని రోజులు ఆగిన ఫలితం ఒక్క నిమిషంలో పోతుంది.

ఇంజన్ తిరిగిందని సంతోషంలో డీజిల్ పోసేయకండి. పాత ట్యాంకు విప్పి కడగాలి, అడుగున తుప్పూ జిగురూ ఉంటాయి. ఫిల్టర్లు కొత్తవి వేయండి. డీజిల్ పంపు, నాజిల్స్ లోపలి భాగాలు మాత్రం మీరు విప్పవద్దు, పంపు మిస్త్రీ దగ్గర బెంచి మీద పరీక్ష చేయించండి. నాజిల్ నుంచి వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ప్రెషర్‌తో వస్తుంది, దాని ముందు చెయ్యి పెట్టారంటే ఆసుపత్రే.

ఇంకో సంగతి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చాలాకాలం నిలిచిన పంపులో ర్యాక్ (డీజిల్ ఎక్కువ తక్కువ చేసే కడ్డీ) పట్టేసి ఉంటే, ఇంజన్ స్టార్ట్ అయిన క్షణంలోనే ఫుల్ స్పీడు అందుకుంటుంది, స్టాప్ కేబుల్ లాగినా ఆగదు. కీ తీసేస్తే ఆగుతుందనుకుంటారు, పాత డీజిల్ ఇంజన్‌కి కీతో పనిలేదు. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ క్లీనర్ పైపు ఊడదీసి ఉంచండి, పక్కన ఒక మనిషి మందమైన చెక్క పలక పట్టుకుని నిలబడాలి. స్పీడు చెయ్యి దాటితే ఆ పలకతో గాలి దారి మూసేయాలి. అరచెయ్యి పెట్టకూడదు, గుడ్డ అసలే పెట్టకూడదు, లోపలికి లాగేసుకుంటుంది. దానికి ముందు కొత్త ఆయిల్ పోసి, స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, గేజిలో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్‌ను కొద్ది కొద్దిగా తిప్పండి. కొత్త బ్యాటరీ కావాల్సింది అప్పుడు.

మీది ఇసుక నేల. జాకీ కింద వెడల్పాటి మందపు చెక్క వేయకపోతే బరువుకి దిగిపోయి బండి పక్కకి ఒరుగుతుంది. ఇటుకల మీద నిలబెట్టవద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. క్లచ్ కోసం బండిని రెండు ముక్కలుగా విడదీసే పని వస్తే ఒక్కరే చేయకండి, ఆ పని తెలిసిన మెకానిక్‌ని పిలిచి పక్కన మీరుండండి.

రంగు అందరికీ ఇష్టమైన పని, చివరికి పెట్టుకోండి. సముద్రం దగ్గర ఉప్పుగాలి కాబట్టి ముందు మంచినీటితో బాగా కడిగి, ఆరబెట్టి, వైరు బ్రష్‌తో గీకిన చోటల్లా అదే రోజు ప్రైమర్ కొట్టేయాలి. తెల్లారేదాకా ఆగితే మళ్లీ ఎర్రగా పడుతుంది. రంగుకి ముందే బ్రేకులు చూడండి. కుడి ఎడమ బ్రేకులు సమానంగా పట్టాలి, రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ కలిపే కొక్కెం వేసి ఉండాలి. ఒక్క వైపే బ్రేకు పడితే చిన్న ట్రాక్టరు గిర్రున తిరిగి బోల్తా పడుతుంది.

ప్రశ్న: మేమూ పాత చిన్న ట్రాక్టరే బాగుచేశాం సార్. రెండు రోజులు నడిచాక ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారింది. హెడ్ గ్యాస్కెట్ మార్చినా అంతే. (బొబ్బిలి నుంచి)

జవాబు: నీరు ఆయిల్‌లో కలుస్తోందమ్మా, ఇంక ఒక్క గంట కూడా నడపకండి, బేరింగులు పోతాయి. పాత ఇంజన్లలో చాలావాటికి లైనర్ చుట్టూ నీరే ఉంటుంది, కింద రబ్బరు రింగులు ఆ నీటిని ఆపుతాయి. ఏళ్లు నిలిచిన బండిలో అవి గట్టిపడి చిట్లుతాయి. ఆయిల్ దింపి, సంప్ విప్పి, రేడియేటర్ నిండా నీరు పోసి కింద పాత పేపరు పరిచి రాత్రంతా వదలండి. పొద్దున్న ఏ లైనర్ కింద చుక్కలు పడ్డాయో చూస్తే తెలిసిపోతుంది. రబ్బర్లు మార్చేటప్పుడు లైనర్ బ్లాకు పైకి ఎంత తేలి ఉందో వర్క్‌షాపులో డయల్ గేజితో కొలిపించండి. అది తగ్గితే కొత్త గ్యాస్కెట్ వేసినా మళ్లీ ఇదే వరస.

ప్రశ్న: బండి నాన్న పేరు మీద ఉంది, ఆయన లేరు. రిజిస్ట్రేషన్ గడువు కూడా అయిపోయింది. (రాజాం నుంచి)

జవాబు: వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31, రిజిస్ట్రేషన్ పొడిగింపుకి ఫారం 25. సొంత వ్యవసాయ ట్రాక్టరుకి మొదట 15 ఏళ్లు ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితంలో ఉన్నట్టే బండి మీద చదవడానికి వీలుగా ఉండాలి, కాబట్టి రంగు వేసేటప్పుడు ఆ రెండు చోట్లా టేపు అంటించి ఉంచండి.