హెడ్ ఫేసింగ్ తరువాత అడ్జస్టబుల్ క్యామ్ పుల్లీ: గుర్తులు కలిస్తే సరిపోదు

జడ్చర్ల నుంచి అడిగిన మిత్రుని సందేహం ఇది: తన కార్బురేటర్ మారుతి జెన్ కారుకు రెండుసార్లు హెడ్ ఫేసింగ్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ అడుగును చదునుగా చెక్కించడం) చేయించారు, అప్పటి నుంచి కింది గేర్లలో పికప్ లేదు, అందుకని అడ్జస్టబుల్ క్యామ్ పుల్లీ, అంటే పళ్ళున్న అంచునూ మధ్య భాగాన్నీ కావలసిన కోణంలో జరిపి బిగించుకునే పుల్లీ, తెప్పించుకున్నారు. దానిని గుర్తుకు గుర్తు కలిపి బిగిస్తే చాలునా, ఎన్ని డిగ్రీలు ముందుకు జరపాలి, మైలేజీ పెరుగుతుందా అని అడుగుతున్నారు.

నల్లగొండలో నా దగ్గరా అలాంటి జెన్ ఉండేది. ఒక మే నెలలో నార్కట్‌పల్లి దాటాక హోస్ పగిలి, ఇంజిన్ వేడెక్కి, హెడ్ వంగింది. ఫేసింగ్ చేయించాక మళ్ళీ గ్యాస్కెట్ పోయి రెండోసారీ చేయించవలసి వచ్చింది. మొత్తం మీద 0.8 మి.మీ. పోయింది. వాల్వ్‌లను తెరిచే ఇరుసు, అంటే క్యామ్, హెడ్ మీదే ఉంటుంది కాబట్టి, హెడ్ ఎంత కిందికి దిగితే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీకీ క్యామ్ పుల్లీకీ మధ్య బెల్ట్ లాగే వైపు అంత పొట్టిదవుతుంది, మిగిలిన వదులును బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ తన వైపు తీసుకుంటుంది, క్యామ్ మాత్రం ఆ మేరకు వెనుకబడుతుంది. పుల్లీ వ్యాసం 120 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత 377 మి.మీ.; అందులో 0.8 మి.మీ. అంటే క్యామ్ మీద ముప్పావు డిగ్రీ, క్రాంక్ మీద దానికి రెట్టింపు, అంటే డిగ్రీన్నర. దీనిని బెల్ట్ పన్ను జరిపి సరిచేద్దామంటే కుదరదు. నలభై పళ్ళ పుల్లీలో ఒక్క పన్ను క్యామ్ మీద 9 డిగ్రీలు, క్రాంక్ మీద 18 డిగ్రీలు. ఈ పుల్లీ అవసరం ఇక్కడే ఉంది.

ఇక గుర్తుల సంగతి. పంటి అంచు మీది గుర్తు కలిసినా, ఆ అంచుకూ మధ్య భాగానికీ ఉన్న కోణం మీరు బిగించినదే కాబట్టి, ఆ గుర్తు క్యామ్ గురించి ఏమీ చెప్పదు. క్యామ్ ఎక్కడుందో కొలిచి తెలుసుకోవాలి. దానికి కావలసినవి క్రాంక్‌కు బిగించే 360 డిగ్రీల చక్రం, చిన్న కదలికలను కొలిచే ఒక డయల్ గేజ్, ప్లగ్ రంధ్రంలో బిగించి పిస్టన్‌ను మధ్యలోనే ఆపే పిస్టన్ స్టాప్. గేజ్‌ను నేను రాణిగంజ్‌లో కొన్నాను. చక్రాన్ని కాగితం మీద అచ్చు వేయించి అట్టకు అతికించాను. స్టాప్‌ను పాత ప్లగ్ మధ్యలో బోల్టు పెట్టించి లేత్ షాపులో చేయించాను.

మొదటిసారి నేను తప్పు చేసింది పిస్టన్ పై స్థానం దగ్గరే. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి, అది ఇక లేవడం లేదనిపించిన చోట సున్నా అనుకున్నాను. ఈ ఇంజిన్ స్ట్రోక్ 61 మి.మీ.; పై స్థానం నుంచి క్రాంక్ 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది సుమారు 0.15 మి.మీ. మాత్రమే. అంత తేడా చేతికి తెలియదు. స్టాప్ బిగించి, ఇంజిన్‌ను పానాతో మెల్లగా ఒకవైపు తిప్పి తగిలిన అంకె, రెండోవైపు తిప్పి తగిలిన అంకె రాసుకుని, రెంటి నడుమ సున్నా పెట్టాలి. ఆ తరువాత స్టాప్ తీసేయడం మరచిపోకండి.

తరువాత టాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దానిని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) సరిచేసి, మొదటి సిలిండర్ ఇన్‌లెట్ వాల్వ్ రిటైనర్ (స్ప్రింగ్ మీది మూత) మీద గేజ్ ముల్లును వాల్వ్ కాండానికి సమాంతరంగా ఆనించాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్న చోటును కంటితో పట్టలేము, ఎందుకంటే అక్కడా లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకున్న దూరం) కొన్ని డిగ్రీల పాటు దాదాపు కదలదు. అందువల్ల పూర్తి లిఫ్ట్‌కు 0.5 మి.మీ. ముందు ఒక అంకె, దాటాక 0.5 మి.మీ. తగ్గిన చోట ఇంకొక అంకె తీసుకుని సగటు చూడాలి. లెక్క కోసం చెబుతున్నాను, మీ అంకెలు మాన్యువల్‌లో చూసుకోండి: వాల్వ్ పై స్థానానికి 20 డిగ్రీల ముందు తెరుచుకుని, కింది స్థానం దాటాక 60 డిగ్రీలకు మూసుకుంటే, తెరిచి ఉండేది 20, 180, 60 కలిపి 260, అందులో సగం 130 నుంచి 20 తీసేస్తే 110. వాల్వ్ పూర్తిగా తెరుచుకోవలసింది పై స్థానం దాటాక అన్ని డిగ్రీలకు. చక్రం మీద 91, 137 వస్తే సగటు 114. అంటే క్యామ్ 4 డిగ్రీలు ఆలస్యంగా ఉంది, పుల్లీ మీద 2 డిగ్రీలు ముందుకు జరపాలి. నాకూ 4 డిగ్రీలే వచ్చాయి. అందులో డిగ్రీన్నర ఫేసింగ్ వల్ల, మిగిలింది పాత పుల్లీ పిన్ రంధ్రం అరిగిపోవడం వల్ల అని నా అనుమానం. కొన్ని పుల్లీల మీద గీతలు క్యామ్ డిగ్రీలు, కొన్నింటి మీద క్రాంక్ డిగ్రీలు. జరిపిన ప్రతిసారీ గేజ్‌తో మళ్ళీ చూడండి. ఇంజిన్ తిరిగే దిశలోనే అంకెకు చేరాలి. దాటిపోతే బాగా వెనక్కి వచ్చి మళ్ళీ రావాలి, లేకపోతే బెల్ట్ వదులు కొలతలో కలుస్తుంది.

మాన్యువల్ అంకె దాటి ముందుకు జరపమని నేను చెప్పను. మామూలు ఇంజిన్‌లో డిగ్రీ రెండు డిగ్రీలు ముందుకు జరిపితే కింది వేగంలో కొంత బలం వస్తుంది, పైన కొంత పోతుంది. ఈ ఇంజిన్‌కు ఒకే క్యామ్ కాబట్టి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ కలిసే కదులుతాయి. వాటి మధ్య కోణం మారదు. ఫేసింగ్ అయిన హెడ్‌లో వాల్వ్‌కూ పిస్టన్‌కూ ఎడం కూడా తగ్గి ఉంటుంది. పిస్టన్ మీద మెత్తని బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, మట్టిని కోసి మందం చూడండి. ఆ మందం ఇన్‌లెట్ వైపు 1.5 మి.మీ. కన్నా, ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. కన్నా తక్కువ ఉంటే స్టార్ట్ చేయవద్దు. హెడ్ మళ్ళీ విప్పాలనే బద్ధకంతో నేను దీనిని రెండు రోజులు వాయిదా వేశాను.

నేను మరచిన ఇంకొకటి ప్లగ్‌లకు స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్. అది క్యామ్ చివరనే తిరుగుతుంది కాబట్టి, క్యామ్‌ను ముందుకు జరిపితే స్పార్క్ కూడా క్రాంక్ లెక్కలో అంతే ముందుకు వస్తుంది. దేవరకొండ దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు బండి టకటకమంటుంటే పెట్రోలును తిట్టుకున్నాను. ఇంటికొచ్చి, స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్ పెడితే 4 డిగ్రీలు ఎక్కువగా కనబడింది. డిస్ట్రిబ్యూటర్‌ను వెనక్కి తిప్పగానే ఆ చప్పుడు పోయింది.

మైలేజీ నాకు పెరగలేదు, ఫేసింగ్‌కు ముందున్నంతకే తిరిగి వచ్చింది. పుల్లీ చిన్న స్క్రూలకు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పూసి, తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించి, ప్రతి స్క్రూ మీదుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. వంద కిలోమీటర్లు తిరిగాక కవర్ తీసి చూస్తే, గీత విరిగిన స్క్రూ ఏదో టార్చ్ వెలుగులోనే తెలిసిపోతుంది.